కలుపు చేపలట!

చేపల పెంపకం నేర్పే పుస్తకాల్లో ఒక మాట ఉంటుంది. కలుపు చేపలు. చెరువులో బొచ్చె, రవ్వ, ఎర్రమోసు పిల్లల్ని వదిలేముందు కలుపు చేపల్ని నిర్మూలించాలని రాస్తారు. ఏవయ్యా ఆ కలుపు అని చూస్తే పిత్తపరిగెలు, అద్దంలా లోపలి ముల్లు కనపడే బుల్లి చేపలు. కొర్రమీను, మార్పు, జెల్ల, వాలుగలది ఇంకో జాబితా, వేటాడే చేపలని. రెండు జాబితాలూ కలిపితే మన అమ్మలు వండిన కూరే.

నిర్మూలించేది దేనితో? ఇప్ప చెక్కతో! గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను హెక్టారుకు రెండు, రెండున్నర టన్నుల చొప్పున చల్లమంటారు. అందులోని విషం చేప రక్తాన్ని దెబ్బతీస్తుంది. మనం మొక్కే చెట్టు, మనం ఏరి అమ్మిన గింజ, మన చేప మీదికే తిరిగొచ్చింది. మన పెద్దలూ మంగకాయ దంచి వాగులో కలిపారు కదా అని మనవాళ్లే అంటారు. కలిపారు. ఎండాకాలంలో, ఒక్క మడుగులో, ఊరంతా కలిసి, ఆ పూట కూరకి. చెరువు ఖాళీ చేయడానికి కాదు.

ఒకసారి తరగతిలో మీకు తెలిసిన చేపల పేర్లు రాయమన్నాం. పిల్లలు నాలుగైదు రాసి పెన్ను పెట్టేశారు, అవీ సంతలో తూకానికి అమ్మేవే. ఇంటికెళ్లి అవ్వల్ని అడిగి రమ్మంటే మర్నాడు పలక నిండింది. కానీ అందులో సగం చేపల్ని ఆ పిల్లలు చూడలేదు. నిజం చెప్పాలంటే మాలో చిన్నవాళ్లూ చూడలేదు.

తెలంగాణలో 2016లో కొర్రమీనును రాష్ట్ర చేప అన్నారు. అదే కాలంలో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలైంది. లారీల్లో ఎక్కువగా వచ్చేవి బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ. బొచ్చె, రవ్వ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే నది కావాలి. అంటే ఏటా పిల్లల్ని బయటినుంచి తెచ్చుకోవాల్సిందే. పత్తి విత్తనం ప్యాకెట్టు కోసం ఏటా దుకాణం ముందు నిలబడుతున్నాం, ఇప్పుడు చేప కోసమూ అంతే. కొర్రమీను అలా కాదు. మన కుంటలోనే గడ్డి చాటున గుడ్లు పెడుతుంది, పిల్లలు పెద్దయ్యేదాకా కాపలా కాస్తుంది, నీళ్లింకితే బురదలో దూరి వానకి ఎదురుచూస్తుంది. విదేశీ బంగారుతీగ అడుగు మట్టిని తవ్వి నీటిని కలకబారుస్తుంది, ఆ గడ్డిని పెకిలిస్తుంది. మార్పు సంగతి ఇంకా అన్యాయం. ఆఫ్రికా మార్పు పెంపకాన్ని 2000లోనే నిషేధించినా సంతలో దాన్ని మన మార్పు పేరుతోనే అంటగడతారు.

మలేరియా కోసం గంబూషియాను వదులుతారు. జ్వరంతో పిల్లల్ని పోగొట్టుకున్న ఊళ్లు మావి, దోమను చంపొద్దని మేమనం. కానీ అమెరికా నుంచి వచ్చిన ఆ చేప మన చేపల గుడ్లనూ, పిల్లల్నూ, తోకకప్పల్నూ తింటుంది. తలమీద తెల్ల చుక్కతో నీటి పైపొరలో తిరిగే బుల్లి చేప మన దగ్గరే ఉంది, అదీ దోమ పిల్లల్ని తింటుంది. దాన్ని ఎవరూ అడగరు.

ఇక తొలకరి. తొలి వానకి చేప వాగు ఎదురెక్కి వరిమళ్లలోకి వచ్చి గుడ్లు పెట్టేది. ఇప్పుడు మధ్యలో చెక్‌డ్యాం గోడ. అదెక్కినా మళ్లలో పత్తి, మిరప మందుల నీళ్లు.

అన్నీ వాళ్ల మీదికే నెట్టి తప్పించుకోలేం. వాగులో బ్లీచింగ్ పౌడర్ కలిపేది ఎవరు? బ్యాటరీ తీగలు పెట్టి కరెంటు కొట్టేది ఎవరు? మన కుర్రాళ్లే. మా బడిలో చదివి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఒక గంట వేటకి గుడ్డు, పిల్ల, కప్ప, పీత అన్నీ తేలతాయి. ఇది మంగకాయ కాదు తమ్ముళ్లూ, దీన్ని మన ఆచారమని సమర్థించుకోకండి.

కిలో బొచ్చె ముక్కలు తింటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. పెద్ద చేప ముల్లు పారేస్తాం. పరిగెను తలతో, ముల్లుతో నమిలి తింటాం, సున్నం శాతం ఒంటికి అలాగే అందుతుంది. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్న చేపలో రవ్వ కంటే ఎన్నో రెట్లు విటమిన్ ఎ ఉందని తేలాక దాన్ని చెరువుల్లో పెంచడం మొదలెట్టారు. బాలింతకి పరిగెల పులుసు పెట్టిన మన అవ్వలకి ఆ లెక్క తెలియదు, పులుసు తెలుసు.

1996 పెసా చట్టం 4(జె) సెక్షన్ ప్రకారం మన ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకే అప్పగించాలి. మరి ఏ చెరువులో ఏ పిల్లని వదలాలో మన గ్రామసభని ఎవరు అడుగుతున్నారు? సంతకం మాత్రం వదిలాక తీసుకుంటారు.

ఈ ఏడు చేపపిల్లల లారీ వచ్చేలోపు గ్రామసభ పెట్టించండి. అవ్వలు చెప్పిన పేర్ల పట్టీ పట్టుకుని వెళ్లండి. ఊరికి ఒక్క కుంటనైనా మందు, ఇప్ప చెక్క, లారీ పిల్ల లేకుండా వదిలేయమని తీర్మానం రాయించండి. రాయడం రానిచోట మమ్మల్ని పిలవండి, వస్తాం.