కళ్లజోడు ఎవరి కోసం తీయాలి?



మామిడికుదురు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మన ఆసుపత్రి ఓ.పి.కి వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "లేజరు పెట్టి సైటు తీసేస్తారంట కదండీ, మా అమ్మాయికి ఎక్కడ చేయించమంటారు?" అబ్బాయిల గురించి ఈ ప్రశ్న తక్కువ, అమ్మాయిల గురించే ఎక్కువ. ఎప్పుడు అడుగుతారో కూడా మాకు తెలిసిపోయింది. చదువు పూర్తయి సంబంధాలు చూస్తున్నప్పుడు అడుగుతారు. అందుకే ఈ విషయంలో మా అభిప్రాయం దాచకుండా రాస్తున్నాం.

ముందుగా ఒక సంగతి. మన ఊళ్లలో కంటికి చేసే ప్రతి ఆపరేషనునూ "లేజరు" అనేస్తున్నాం. పెద్దవాళ్లకు శుక్లం తీసి లోపల లెన్సు పెట్టడం వేరు. అక్కడ ఎక్కువగా వాడేది అల్ట్రాసౌండ్ తరంగాలు. షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతింటే పెట్టే లేజరు వేరు. మేము ఇక్కడ చెప్పేది కళ్లజోడు అవసరం తగ్గించే లేజరు గురించి మాత్రమే.

దూరపు చూపు ఆననివారిలో చాలామందికి కంటిగుడ్డు ఉండాల్సినదానికన్నా కాస్త పొడవుగా ఉంటుంది. పెద్దవారి కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు పెరిగితే దాదాపు మైనస్ 3 దాకా పవర్ వస్తుంది. లేజరు ఆ పొడవును తగ్గించదు. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, లెక్క ప్రకారం చెక్కి దాని వంపు మారుస్తుంది. కళ్లజోడు అద్దం చేసే పనే కంటి అద్దం మీద చేస్తారన్నమాట.

ఇది సాధ్యమైంది 1981లో. భారతదేశంలో పుట్టి అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేసిన రంగస్వామి శ్రీనివాసన్ గారు, పండుగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఎక్సైమర్ లేజరు ప్రయోగించి చూశారు. చుట్టుపక్కల కాలకుండా, గీత గీసినట్టు సన్నగా తెగింది. 1995లో అమెరికా ప్రభుత్వం చూపు సరిచేయడానికి ఈ లేజరును అనుమతించింది. ఇప్పుడు మన తెలుగువారికి ఈ వైద్యం కొత్త కాదు. హైదరాబాదు, విశాఖపట్నం వెళ్లి చేయించుకుని వస్తున్నారు. తగినవారికి ఇది మంచి వైద్యమే. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసమని మేము ఎన్నడూ అనుకోలేదు.

అయితే "తగినవారికి" అన్న మాటలోనే అంతా ఉంది. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లు, ఇంకొంచెం. ఒక్కొక్క పాయింటు పవర్ తగ్గించడానికి 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. మైనస్ 5 ఉన్నవారికి 60 నుంచి 75 మైక్రాన్లు పోతాయి. లాసిక్ పద్ధతిలో పైన మూతలా ఎత్తే పొర మరో 100 మైక్రాన్లకు పైన. ఇవన్నీ పోను అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలి. చాలామంది వైద్యులు 300 ఉంటేనే చేస్తామంటారు. పుట్టుకతోనే కార్నియా పలచన అయినవారికి ఈ లెక్క కుదరదు. కుదరనిచోట చేస్తే, మిగిలిన పొర కంటి లోపలి ఒత్తిడికి తాళలేక ముందుకు ఉబ్బి, ఉన్న చూపు కూడా చెదిరిపోవచ్చు.

గత వర్షాకాలంలో ఒక తల్లి, 22 ఏళ్ల కూతురు మా దగ్గరకు వచ్చారు. అమ్మాయికి ఒక కంటికి మైనస్ 5, రెండోదానికి మైనస్ 6. సంబంధం కుదిరింది, కళ్లజోడు తీయిస్తేనే ప్రధానం పెట్టుకుందామని అటువారు అన్నారట. మన దగ్గర లేజరు యంత్రం లేదు కాబట్టి పరీక్షలకు నగరానికి పంపాం. అక్కడ కార్నియా వంపును పటంలా తీసి చూస్తే ఒక కంట్లో కింది భాగం పలచబడి ఉబ్బడం మొదలైందని తేలింది. దీన్ని కెరటోకోనస్ అంటారు. లేజరు చేయకూడదని చెప్పి పంపేశారు.

తల్లి కాగితాలు పట్టుకుని మళ్లీ మా దగ్గరకు వచ్చింది. "ఇంకోచోట అడిగితే చేస్తారేమోనండీ" అంది. ఆ తల్లిని మేము తప్పుపట్టలేదు. ఆమె భయం కంటి గురించి కాదు, కూతురి బతుకు గురించి. కూతురు మాత్రం తల వంచుకుని, "ఈ జోడు పెట్టుకునే కదండీ నేను ఇంత చదువు చదివాను" అంది. అంతవరకూ ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు. మేమూ అడగలేదు. అది మా పొరపాటు.

ఆ సంబంధం తప్పిపోయింది. అమ్మాయికి కార్నియాను గట్టిపరిచే చికిత్స జరిగింది. బి2 విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెడతారు, దాన్ని సి3ఆర్ అంటారు. పాడైనదాన్ని అది పూర్తిగా బాగుచేయదు, ఇంకా ముదరకుండా ఆపడానికి చేస్తారు. కళ్లు నులుముకోవడం మానమని కూడా చెప్పాం. ఎలర్జీతో దురద ఉన్న పిల్లలు కళ్లు గట్టిగా నులుముకుంటూ ఉంటే ఈ జబ్బు ముదురుతుంది. తల్లులు ఇది గుర్తుంచుకోవాలి.

ఆదికాండం 29వ అధ్యాయంలో లేయా కళ్లు అంత బాగుండేవి కావని చదువుతాం. ఆమె పెళ్లి విషయంలో తండ్రి లాబాను చేసిన మోసం మనందరికీ తెలుసు. కానీ ఆ లేయా కడుపునే యూదా పుట్టాడు, ఆ గోత్రంలోనే దావీదు, ఆ వంశంలోనే మన రక్షకుడు. ఆదివారం ఈ అధ్యాయం విని, సోమవారం పిల్ల కళ్లజోడు చూసి సంబంధం వద్దనుకునే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. అబ్బాయి తల్లిదండ్రులుగా ఈ పేజీ చదువుతున్నవారికి మా మనవి ఇదే. మీరు అడిగే ఆ ఒక్క షరతు ఒక ఆడపిల్ల కంటి మీద కత్తి పెట్టమని అడగడంతో సమానం.

ఇక చేయించుకోవాల్సినవారు చేయించుకుని బాగుపడిన సంగతీ చెప్పాలి. కొబ్బరి దింపు తీసే ఒక యువకుడికి మైనస్ 3 ఉండేది. చెట్టెక్కితే చెమటకు జోడు జారిపోయేది. తీసేసి ఎక్కితే గెలలు మసకగా కనిపించేవి. రెండేళ్లుగా పవర్ మారలేదు, కార్నియా మందంగా ఉంది. అతనే వచ్చి అడిగాడు. కువైట్‌లో ఉన్న అక్క డబ్బు పంపింది. లాసిక్ చేయించుకున్న మర్నాడు నేల మీద నిలబడి చెట్టు మీది కాయలు లెక్కపెట్టానని చెప్పి నవ్వాడు.

ఆపరేషను తేలికే. మత్తుసూది లేదు, చుక్కలు వేస్తారు, కుట్లు ఉండవు. ఒక్కొక్క కంటికి లేజరు పనిచేసేది కొన్ని సెకన్లే. కష్టమంతా తరువాత ఇంటి దగ్గర ఓపిక పట్టడంలో ఉంది. మొదటి కొన్ని గంటలు ఇసుక పడినట్టు మంట, నీళ్లు కారడం ఉంటాయి. లాసిక్‌లో మర్నాటికే చూపు తేటపడుతుంది. మూత ఎత్తకుండా చేసే పి.ఆర్.కె.లో మూడు నుంచి ఐదు రోజులు నొప్పి ఉంటుంది, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. కళ్లు పొడిబారడం, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించడం కొన్ని నెలలు ఉండి చాలామందిలో తగ్గుతాయి. కొందరిలో మిగిలిపోతాయి కూడా. మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడికి చూపు ఒక్కసారిగా కాక రెండు విడతలుగా తేటపడింది. మన ప్రభువే రెండోసారి చెయ్యి ఉంచినప్పుడు, మనం మూడు నెలలు ఆగలేమా?

కాబట్టి కళ్లు నులమకండి. పడుకునేటప్పుడు డాక్టరు ఇచ్చిన రక్షణ కవచం పెట్టుకోండి. కొన్ని వారాలు కాలవలో, చెరువులో మునగకండి. కొబ్బరి పీచు దుమ్ముకు, బండి మీద ఎదురుగాలికి దూరంగా ఉండండి. కాటుక, కొబ్బరినూనె, తేనె, చనుబాలు కంటి దరి చేరనీయకండి. స్టెరాయిడ్ చుక్కలు చెప్పినన్ని రోజులే వేయండి. హాయిగా ఉందని మందుల షాపులో కొనుక్కుని పొడిగిస్తే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్లండి. ఆ యువకుడు మూడు వారాలు చెట్టెక్కలేదు, ఇంట్లోవారు ఎక్కనివ్వలేదు. పెళ్లి పనుల మధ్య ఆపరేషను చేయించుకున్న ఆడపిల్లకు ఆ విశ్రాంతి ఎవరిస్తారు?

వెళ్లేముందు కొన్ని చూసుకోండి. 18 ఏళ్లు నిండాలి. ఏడాదిగా పవర్ నిలకడగా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. మెత్తటి కాంటాక్టు లెన్సులు వాడేవారు పరీక్షకు కనీసం రెండు వారాల ముందు మానాలి. రైల్వే లోకో పైలట్ లాంటి ఉద్యోగాలకు లాసిక్ చేయించుకున్నవారిని తీసుకోరు. అందుకని ముందు నోటిఫికేషన్ చదవండి.

జోడు పోయినా కన్ను పొడవు అలాగే ఉంటుందని మరువకండి. మైనస్ ఎక్కువ ఉన్నవారికి రెటీనా చిరిగే ప్రమాదం లేజరు తరువాతా ఉంటుంది. కంట్లో మెరుపులు, నల్లచుక్కలు హఠాత్తుగా పెరిగినా, తెర దిగినట్టు అనిపించినా ఆలస్యం చేయకండి. నలభై దాటాక బైబిలు చదవడానికి దగ్గరచూపు అద్దాలు అందరిలాగే కావలసి రావచ్చు. ఆపరేషనుకు ముందున్న పవర్, కార్నియా కొలతల కాగితాలు పారేయకండి. రేపు శుక్లానికి లెన్సు పెట్టేటప్పుడు డాక్టరు వాటినే అడుగుతారు. మీ పెళ్లి సర్టిఫికేటుతో పాటు దాచుకోండి.

కళ్లజోడు పెట్టుకున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక ఆమె పక్కన కూర్చుని, "నీకేం కావాలమ్మా?" అని అడగండి. ఆమె కావాలంటే పరీక్షకు తీసుకురండి. వద్దంటే, ఆ జోడు అద్దాలు తుడిచి ఆమె చేతికివ్వండి. ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.