ఫోను భద్రతను గూర్చి ఒక విన్నపము

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ కార్యదర్శిగారికి,

ఆర్యా,

2023 జనవరిలో మద్రాసు ఐఐటీ ఆశ్రయమున వెలసిన సంస్థ రూపొందించిన ఫోను నిర్వహణ వ్యవస్థ (ఓఎస్) ‘భరోస్’ను కేంద్ర మంత్రులు స్వయముగా పరీక్షించి చూపినప్పుడు హర్షించినవారిలో నేనొకడను. అయితే, అందు ముందుగా చొప్పించిన యాప్‌లు లేకుండుట గోప్యతకు తోడ్పడును గాని, అంతమాత్రమున భద్రత సిద్ధింపదు.

ఉదాహరణకు, ఇట్టి మరియొక వ్యవస్థయగు లీనియేజ్ ఓఎస్, తయారీదారులు విడిచిపెట్టిన పాత ఫోనులకు సైతము నూతన జీవము పోయును. కాని అది ఎక్కించిన పెక్కు ఫోనులలో, వ్యవస్థను మేల్కొలుపు బూట్‌లోడర్ యొక్క తాళము తెరచియే యుండును గనుక, ఫోను ఆన్ చేయగానే తెరపై హెచ్చరిక కనబడును. అట్టి ఫోను పరుల చేతబడి లోపలి వ్యవస్థ మార్చబడినను యజమాని గుర్తింపజాలడు. వేరొక వ్యవస్థయగు గ్రాఫీన్ ఓఎస్ ఆ తాళమును మరల వేయించి, ఆన్ చేసిన ప్రతిసారియు వ్యవస్థ చెక్కుచెదరలేదని సరిచూచును. కాని చిరకాలముగా గూగుల్ పిక్సెల్ ఫోనులనే ఆశ్రయించిన దానిని, రేపల్లె, తెనాలి బజారులలో చవక ఫోను కొను కూలివాడు పొందుటెట్లు? పైగా, ఇంతటి కట్టుదిట్టమైన ఫోనును సైతము, గూగుల్ ధ్రువీకరణ లేదను కారణమున కొన్ని బ్యాంకు యాప్‌లు నిరాకరించుట నాకు మిక్కిలి అన్యాయముగా తోచుచున్నది.

కావున భద్రతను చాటుకొను ప్రతి వ్యవస్థయు తన మూలసంకేతమును స్వతంత్ర నిపుణుల పరీక్షకు ఒప్పగించి, భద్రతా నవీకరణములు ఎన్నేండ్లు అందించునో ముందే ప్రకటించునట్లు శాసింపుడు. ఆ పరీక్షాఫలితములను తెలుగున ముద్రించి మా గ్రామ సచివాలయములకు పంపింపుడు.

ఇట్లు,
భట్టిప్రోలు పౌరుడొకడు