పేరు మనది, వేలిముద్ర ఎవరిది?



పెండ్లి సంబంధాలు మాట్లాడుకొనేటప్పుడు మన ఇండ్లలో వినబడే ప్రశ్న ఒకటున్నది. "అబ్బాయికి జీతమెంత?" అని అడిగి, గొంతు తగ్గించి, "పైన ఎంత వస్తుంది?" అంటారు. ఆ పై సంపాదన ఎవరి కొంగున ముడివేసుకొన్న డబ్బో ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాదు. మనమే ఆఫీసులో చేయి తడపవలసి వచ్చినప్పుడు మాత్రం లోకం చెడిపోయిందని నిట్టూరుస్తాము. సరే, నేను చెప్పదలచినది మరొకటి.

లంచం తగ్గాలంటే ప్రమాణాలు చేయించడం కంటె లెక్కలు పైకి చదివించడం మేలని రాజస్థాన్ బీదలు చూపించారు. అక్కడ 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం ఏర్పడింది. ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదలి వచ్చిన అరుణా రాయ్ గారు దాని స్థాపకులలో ఒకరు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో వారు ఊరివారిని కూర్చోబెట్టి ప్రభుత్వ పనుల లెక్కలు బిగ్గరగా చదివారు. అటువంటి సభలలో, పనికి పోనివారి పేరన కూలి తీసినట్లు, చనిపోయినవారు సహితం మట్టి మోసినట్లు బయటపడింది. చదువు రానివారే సాక్షులు. ఎవరు పని చేశారో, ఎవరు చేయలేదో చెప్పడానికి అక్షరాలతో పనేమిటి? ఆ పోరాటమే 2005లో సమాచార హక్కు చట్టానికి దారితీసింది.

ఆ పద్ధతి మన ప్రాంతానికీ వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ సంవత్సరమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలి కుటుంబాలలో చదువుకొన్న యువతీ యువకులకు తర్ఫీదిచ్చి, తమది కాని ఊరికి పంపేవారు. వారు ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, ఎన్ని రోజులు పని చేశావు? చేతికి ఎంత వచ్చింది?" అని అడిగి మస్టరుతో సరిచూచేవారు. చివరి రోజున మండల కేంద్రంలో ప్రజావేదిక. ఆఫీసరు ఎదుట నోరు విప్పడమే ఎరుగని మనవారు అక్కడ లేచి నిలబడి, "ఈ వేలిముద్ర నాది కాదు" అని చెప్పగలగడం చిన్న సంగతి కాదు. అయితే పట్టుబడిన సొమ్ములో తిరిగి రాబట్టినది కొంతే. దొంగతనం బయటపడినంత త్వరగా శిక్ష పడలేదు. ఆ పద్ధతిలోని పెద్ద లోటు ఇదే.

సమూయేలు ముసలితనంలో ఇశ్రాయేలీయులందరి ముందు నిలిచి, తాను ఎవరి ఎద్దునైనా, గాడిదనైనా తీసికొని ఉంటే చెప్పుమని అడిగాడు. కన్న కుమారులు లంచగొండులని అందరికీ తెలిసిపోయిన తరువాత అలా నిలిచాడు, గమనించండి. (మన సంఘాలలో కానుకల లెక్క ఏడాదికి ఎన్నిసార్లు పైకి చదువుతున్నామో పెద్దలు ఆలోచించాలి.)

లంచం ఇచ్చినవాడికి ఏమీ కాదని కొందరనుకొంటారు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించిన తరువాత ఇచ్చేవాడూ నేరస్థుడే. ఏడేండ్ల వరకు జైలు పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజులలోపు పోలీసులకు గాని ఏ.సి.బి.కి గాని తెలియజేస్తే ఆ నేరం అతనికి అంటదు. ఈ సంగతి ఊళ్ళలో తెలిసినవారు తక్కువ.

రోడ్డు బిల్లు గాని, మస్టరు నకలు గాని కావాలంటే తెల్లకాగితం మీద తెలుగులోనే అర్జీ పెట్టవచ్చు. ఎందుకు కావాలని అడిగే అధికారం వారికి లేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. జవాబుకు గడువు 30 రోజులు. వ్రాయడం రానివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడంలో ఆ ఆఫీసులోని సమాచార అధికారే సహాయపడాలని చట్టంలో ఉన్నది. అయినా మొదటి అర్జీ మన యవ్వనస్థులే వ్రాసిపెడితే, అమ్మలకు ఆఫీసు గడప తొక్కే ధైర్యం వస్తుంది.