మన ఇల్లు – మన మరమ్మతులు: మూడో పిన్ను



“ఫ్రిజ్ ముట్టుకొంటే జివ్వుమంటోందండీ, చెప్పులు వేసుకొని తీస్తున్నాం” అని తెనాలిలో ఒక సహోదరి చెప్పారు. బాపట్లలో ఒక సహోదరుడు తన ఇంటి మోటారు సంగతీ అంతే అన్నారు. చెప్పులు వేసుకోవడం మరమ్మతు కాదు. అందుకే ఈ నెల ఎర్తింగ్ గురించి వ్రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం రేపల్లె దగ్గర పల్లెలో రాత్రి కూడికకు, నేనే తయారు చేసిన ఆంప్లిఫయరు పట్టుకెళ్లాను. అక్కడి సాకెట్టుకు రెండే రంధ్రాలు. నా ప్లగ్గుకు మూడు పిన్నులు. ప్లగ్గు విప్పేసి, ఎరుపు, నలుపు వైర్లను అగ్గిపుల్లలతో రంధ్రాల్లో బిగించి, ఆకుపచ్చ వైరును మడిచి టేపు చుట్టేశాను. “ఎర్త్ లేకపోయినా పాడుతుందిలే” అన్నాను. పాడింది కూడా.

పెట్టె లోపల కరెంటు వైరు రేకు అంచుకు రాసుకొని, దాని తొడుగు తెగి ఉన్న సంగతి నేను చూడలేదు. సాయంత్రం వాన పడి నేల తడిగా ఉంది. అందరూ చెప్పులు బయట విడిచి వచ్చారు. సాక్ష్యం చెప్పడానికి లేచిన ఒక పెద్దమ్మగారు ఇనుప మైకు అందుకోగానే కేక వేసి పడిపోయారు. దేవుని కృప, మైకు చేతిలోనుండి జారిపోయింది. తేరుకొన్నాక ఆమె, “ఏం నాయనా, నా సాక్ష్యం నీ పెట్టెకు నచ్చలేదా?” అని నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మైకు తీగ పైఅల్లిక ఆంప్లిఫయరు రేకుకు కలిసి ఉంటుంది. రేకుకు కరెంటు వస్తే మైకుకూ వస్తుంది. ఎర్త్ వైరు ఉంటే ఆ కరెంటుకు భూమిలోకి సులువైన దారి దొరుకుతుంది. లేకపోతే ముట్టుకొన్న మనిషే ఆ దారి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఉండడం ఊరికే కాదు. అది ముందుగా కలవాలి, చివరగా విడిపోవాలి.

ఇది పల్లెటూరి కష్టం మాత్రమే అనుకోవద్దు. 2005 అక్టోబరు 30న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం వేకో నగరంలో బాప్తిస్మపు తొట్టి నీళ్లలో నిలబడి మైకు పట్టుకొన్న యౌవనస్థుడైన కాపరి కరెంటు తగిలి మరణించారు.

ఇక మన నేలల సంగతి. తెనాలి చుట్టుపక్కల నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది కనుక ఎర్త్‌కు మంచిది. కాని ఎండాకాలం నెర్రెలిచ్చి పైపును వదిలేస్తుంది. అప్పుడు గుంటలో నీళ్లు పోస్తుండాలి. బాపట్ల నుండి సూర్యలంక వైపు ఇసుక. దానిలో నీరు నిలవదు, ఎండిన ఇసుక కరెంటును సరిగా తీసుకోదు. అక్కడ పైపు తడి తగిలే లోతుకు దిగాలి, చుట్టూ బొగ్గు, కల్లుప్పు పొరలు వేయాలి. రేపల్లె దిగువన నిజాంపట్నం వైపు ఉప్పునేల కరెంటును బాగానే తీసుకొంటుంది, కాని పైపునూ బోల్టునూ తినేస్తుంది. ఏటా విప్పి చూడకపోతే పైన వైరు ఉంటుంది, కింద ఏమీ ఉండదు.

ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది, మనం బ్రతుకుతాం అని చాలామంది ధైర్యం. లెక్క చూడండి. మన కరెంటు 230 వోల్టులు. ఎర్త్ గుంట నిరోధం 50 ఓములు ఉంటే పారేది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ దానికి కదలదు. ఫ్రిజ్ రేకు మీద కరెంటు అలాగే నిలుస్తుంది. అందుకే ఎర్త్‌కు తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది రెప్పపాటులో లైను కొట్టేస్తుంది. అయితే ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకొన్నవారిని అదీ కాపాడలేదు.

ఈ వారమే చేయవలసినవి:

1. జివ్వుమనే వస్తువును వాడడం ఆపండి. స్విచ్చి కట్టి, ప్లగ్గు తీసి, ఎలక్ట్రీషియనుకు చూపించండి.

2. మూడో పిన్ను విరిచిన ప్లగ్గులు, అగ్గిపుల్లల వైర్లు ఇంట్లోను, మందిరంలోను ఉంటే మార్పించండి.

3. సాకెట్టులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపి “అయిపోయింది” అనే పనివానికి ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజున ప్రతి రేకూ కాటు వేస్తుంది.

4. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్టు బొత్తాన్ని నెలకొకసారి నొక్కండి. లైను పోకపోతే దాన్ని మార్చాలి.

5. బట్టలు ఆరవేసే దండేనికి ఇనుప తీగ వద్దు, నైలాను తాడు కట్టండి.

6. ఎవరికైనా షాకు తగిలితే ముందు మెయిన్ కట్టండి. వారిని చేత్తో లాగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చదవండి. కొత్త ఇల్లు కట్టేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. ఆ రోజుల్లో పిట్టగోడ ఏదో ఈ రోజుల్లో ఎర్త్ వైరు అది. ఇంటికి వచ్చే చుట్టం, పని చేసే అమ్మాయి, మైకు పట్టుకొనే పెద్దమ్మగారు మన వైరింగు చూసి రారు, మనల్ని నమ్మి వస్తారు. ప్రార్థన చేద్దాం, ఆ మూడో పిన్నును కూడా పెడదాం.

నా ఆంప్లిఫయరుకు ఆ తర్వాత కొత్త వైరు, రంధ్రం దగ్గర రబ్బరు తొడుగు, ఎర్త్ బోల్టు బిగించాను. సంవత్సరం తర్వాత అదే పల్లెలో పెద్దమ్మగారు మళ్లీ మైకు పట్టుకొన్నారు. ముందుగా నేను పట్టుకొని చూశాకే ఇచ్చాను.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల ఫ్యాను కండెన్సరు మార్చడం గురించి మాట్లాడుకొందాం.