తెలిసిన తప్పును దిద్దనిదెవరు?

2021 జూన్ 18న లండన్ హీత్రూ విమానాశ్రయంలో సరుకు ఎక్కించుకుంటూ నిలిచివున్న బోయింగ్ 787 విమానపు ముందు చక్రం ముడుచుకొని, ముక్కు నేలకు తాకింది. ఎత్తు అందక ఒక మెకానిక్ క్రిందినుండి వ్రేలితో చూపగా, మరొకరు నిచ్చెనపై నిలిచి, చక్రాన్ని బిగించే పిన్నును ప్రక్క రంధ్రంలో పెట్టారు. అయితే ఈ పొరపాటు క్రొత్తది కాదు. ఆ రంధ్రాన్ని మూసివేయాలని ఆదేశం అంతకుముందే వెలువడింది. గడువు మిగిలివున్నందున ఆ విమానంలో ఆ పని జరుగలేదు.

ఖరగ్‌పూర్ కార్మికులకు ఇది పరాయి కథ కాదు. 2023 జూన్ 2న మన డివిజన్‌లోని బహనాగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి మళ్ళి గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా అసువులు బాశారు. సిగ్నల్ తీగల మార్పిడిలో జరిగిన తప్పులే కారణమని రైల్వే భద్రతా కమిషనరు తేల్చారు. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్‌లో తప్పు వైరింగు వల్ల ఇటువంటి ఘటనే జరిగిందనీ, అప్పుడే సరిదిద్దివుంటే ఈ ఘోరం తప్పేదనీ ఆ నివేదికే చెప్పింది. 2023 జూలైలో అరెస్టయినది మాత్రం ముగ్గురు సిగ్నల్ ఉద్యోగులు.

కార్మికునికి బాధ్యత లేదని మేమనము. కాని ముందే తెలిసిన ప్రమాదాన్ని ఫైలులో నిద్రపుచ్చిన చేయి, తీగ కలిపిన చేతికంటె నిర్దోషి ఎట్లవుతుంది? ప్రతి కీలకమైన మరమ్మతును రెండవ మనిషి స్వతంత్రంగా పరీక్షించాలి. అందుకు తగిన వ్యవధి ఇవ్వాలి. తప్పును బయటపెట్టిన కార్మికుని శిక్షించరాదు. బయటపడిన తప్పును దిద్దనివారిని విడువరాదు.