కాదనే హక్కు లేని సీనియారిటీ

మా పెద్దక్క కూతురు హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో సీనియర్ మెషీన్ లెర్నింగ్ ఇంజనీరు. పదకొండేళ్ల అనుభవం. ఆడపిల్లల్ని చదివించమని సలహా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా బంధువులు ఆమె పేరే ఎత్తుతారు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినపుడు నన్నొక ప్రశ్న అడిగింది. "పిన్నీ, నేను తయారుచేసిన దాన్లో తప్పుందని నాకు తెలుసు. చెప్పాను కూడా. అయినా వాడకంలో పెట్టేశారు. ఇప్పుడా తప్పు నాదా, వాళ్లదా?"

సమాజశాస్త్రం చదువుకున్న నేను ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు ఆమె పని గురించి. లక్షల పాత రికార్డులు కంప్యూటర్‌కిచ్చి, వాటిలోని పోలికలు దానికి పట్టుబడేలా చేసి, కొత్తగా వచ్చే మనుషుల మీద అంచనా వేయించటం ఆమె పని. ఈసారి అది చిన్న అప్పుల కోసం వచ్చే దరఖాస్తుల్ని వరస పెట్టే పని. దరఖాస్తులో ఆడ, మగ అనే గడి తీసేశారు కనుక వివక్షకు తావే లేదన్నారు పైవాళ్లు. ఈమె మాత్రం ఫలితాలను స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా తీసి చూసింది. ఒకే ఆదాయం వున్నా స్త్రీల దరఖాస్తులు కిందికి జారుతున్నాయి. కారణం మనకు తెలియనిదేం కాదు. పొలం పట్టా భర్త పేరున వుంటుంది. కరెంటు బిల్లు మామగారి పేరున వస్తుంది. కాన్పుకని మానేసిన ఉద్యోగం రికార్డులో ఖాళీగా కనిపిస్తుంది. గడి కొట్టేసినంత మాత్రాన ఇవన్నీ చెరిగిపోవు. పితృస్వామ్యం రాసిపెట్టిన కాగితాలనే యంత్రం పాఠ్యపుస్తకంగా చదువుకుంటోంది.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. అమెజాన్ కంపెనీ ఉద్యోగ దరఖాస్తులను వడపోయటానికి తయారుచేసుకున్న వ్యవస్థ సంగతి 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. పదేళ్లుగా వచ్చిన దరఖాస్తుల మీద దానికి శిక్షణ ఇచ్చారు. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లవి. దాంతో 'మహిళల' అనే మాట కనిపిస్తే చాలు, అది మార్కులు తగ్గించటం నేర్చుకుంది. చివరికి దాన్ని పక్కన పెట్టేశారు. అదే ఏడు జాయ్ బ్యులంవీని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్లు, ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల వ్యవస్థలను పరీక్షించిన ఫలితాలను ప్రచురించారు. తెల్లరంగు పురుషుల విషయంలో పొరపాటు ఎక్కడా 0.8 శాతం దాటలేదు. నల్లరంగు స్త్రీల విషయంలో అది 34.7 శాతం దాకా పోయింది. ఈ లెక్క తీయాలని తోచింది ఆ వివక్షను ఒంటిమీద అనుభవించిన స్త్రీలకే అన్నది గమనించాలి.

ఆ గెబ్రూయే తర్వాత గూగుల్‌లో నైతికతకు సంబంధించిన పరిశోధక బృందానికి సహనాయకురాలిగా పనిచేసింది. పెద్ద భాషా వ్యవస్థల వల్ల కలిగే నష్టాల మీద రాసిన పత్రం విషయంలో వివాదం వచ్చి, 2020 డిసెంబరులో కంపెనీకి దూరమైంది. తనను తీసేశారని ఆమె అంటుంది. రాజీనామాను ఆమోదించామని కంపెనీ అంది. మాట ఏదైనా, అంత పేరున్న మనిషికే ఆ గతి పడితే మా అమ్మాయి లాంటివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఆమె ఏడాది సమీక్షలో ఏం రాశారో చూడండి. 'పని నాణ్యమైనదే, వేగం చాలదు.' లోపాన్ని వెతకటానికి పట్టిన మూడు వారాలు లెక్కలోకి రాలేదు. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పటం, చెత్తగా వున్న రికార్డులను శుభ్రం చెయ్యటం కూడా రాలేదు. ప్రమోషన్‌కు లెక్కించేది ఎన్ని విడుదల చేశావనే. మనకు ఇంటి చాకిరీ గుర్తుకు రాకమానదు. చేసినన్నాళ్లూ ఎవరికీ కనపడదు, ఒక పూట మానేస్తే అందరికీ కనపడుతుంది.

"లక్షల జీతగత్తెకు హక్కులేమిటి? బట్టల ఫ్యాక్టరీలో కుట్టే స్త్రీ గురించి రాయరాదా?" అని మనలోనే కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆమె ఆ కుర్చీలో కూర్చోవటం వెనుక కులం వుంది, ఇంగ్లీషు చదువు వుంది, ఆమె పాపను రాత్రి దాకా చూసుకునే మరో స్త్రీ తక్కువ జీతపు శ్రమ వుంది. ఇది ఆమే ఒప్పుకుంటుంది. అయితే ఆమె 'కాదు' అనలేకపోయిన చోట నష్టపోయిందెవరు? కుట్టుమిషను కొనుక్కుందామని అప్పుకు దరఖాస్తు పెట్టిన స్త్రీ. ఎందుకు రాలేదో కూడా ఆమెకు ఎవరూ చెప్పరు. ఈ ఇద్దరి హక్కులనూ విడదీసి చూడలేం.

చట్టాలేం చెబుతున్నాయి? పనిచోట లైంగిక వేధింపులపై 2013లో చట్టం సాధించుకున్నాం. ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఇవి పోరాడి తెచ్చుకున్నవి. కానీ ఇవి ఉద్యోగిని శరీరానికి రక్షణ ఇస్తాయి, ఆమె వృత్తిపరమైన అభ్యంతరానికి ఇవ్వవు. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మన వివరాలను సరిదిద్దమని అడిగే హక్కునిచ్చింది. యంత్రం తీసుకున్న నిర్ణయానికి కారణం చెప్పమనే హక్కును మాత్రం ఇవ్వలేదు. యూరప్ దేశాల కూటమి 2024లో తెచ్చిన చట్టం అప్పు అర్హతను, ఉద్యోగ ఎంపికను నిర్ణయించే వ్యవస్థలను ఎక్కువ ప్రమాదమున్నవాటిలో చేర్చి, మనిషి పర్యవేక్షణ తప్పనిసరి చేసింది. మన దగ్గర ఆ చర్చ కూడా సరిగా మొదలవలేదు.

కనుక మనం అడగాల్సినవి కొన్ని వున్నాయి. ఇంజనీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రాతపూర్వకంగా జవాబిచ్చేదాకా ఆ వ్యవస్థను వాడకంలో పెట్టకూడదు. ఫలితాలను స్త్రీలకు, పురుషులకు, పల్లెకు, పట్నానికి విడివిడిగా చూపించాలి. లోపం పట్టుకోవటాన్ని ప్రమోషన్‌లో పనిగా లెక్కించాలి. దరఖాస్తు తిరస్కరించినపుడు కారణాన్ని ఆమెకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి.

మా అమ్మాయి ప్రశ్నకు నా జవాబు ఇది. బాధ్యత అప్పగించి అధికారం ఇవ్వని చోట తప్పు మొదట ఆ ఏర్పాటుదే. అలాగని ఆమె బాధ్యత తీరిపోదు. ఒంటరిగా చెబితే ఫిర్యాదంటారు, పదిమంది కలిసి చెబితే వినక తప్పదు. ఈ మాటే ఆమెతో అన్నాను. తమ ఆఫీసులో ఇలాంటి అభ్యంతరమే చెప్పిన మరో ఇద్దరు స్త్రీలున్నారని, వాళ్లతో ఇంతవరకు మాట్లాడలేదని చెప్పింది. మొదలుపెట్టాల్సింది అక్కడే.