చుట్టూ నీళ్లే, తాగేది మాత్రం టిన్ను నీళ్లు

కొల్లేటి లంకలకు ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లకపోతే ఈ చలికాలం వెళ్లి రండి. ఆటపాకలో పడవెక్కి గూడబాతులను చూడండి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు దండం పెట్టుకోండి. వచ్చేటప్పుడు ఏదో ఒక లంకలో ఒక ఇంటి ముందు ఆగి, ‘తాగే నీళ్లు ఎక్కడివి?’ అని అడగండి. సరస్సు వైపు చెయ్యి చూపించరు. అరుగు మీదున్న ఇరవై లీటర్ల టిన్ను చూపిస్తారు.

దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో కొల్లేరు ఒకటి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో రాంసర్ జాబితాలోకి ఎక్కింది. ఇన్ని పేర్లున్న నీటిని, దాని మధ్య పుట్టి పెరిగిన మనిషి తాగలేడు. ఇదీ అసలు సంగతి.

‘కొల్లేరు వడ్డీల ఊరు కదా, ఆదివాసీలకేం సంబంధం?’ అని కొందరు తమ్ముళ్లు అడుగుతారు. సంబంధం ఉంది. తమ్మిలేరు ఖమ్మం వైపు కొండల్లో పుట్టి, చింతలపూడి మీదుగా ఏలూరు దాటి కొల్లేట్లో కలుస్తుంది. పైన అడవి పోతే కింద సరస్సులో మట్టి మేట వేస్తుంది. ఇక రెండోది, యానాదులు. చేపల చెరువు గట్టు మీద గుడిసె వేసుకుని రాత్రంతా కాపలా ఉండేవాళ్లలో, నడుం లోతు నీళ్లల్లో దిగి వల లాగేవాళ్లలో యానాది కుటుంబాలు ఎన్నో. చెరువు వాళ్లది కాదు, చేప వాళ్లది కాదు. ఆ నీళ్లు ఒంటికి తెచ్చే దురదలూ పుండ్లూ మాత్రం వాళ్లవే.

నీళ్లు ఎలా పాడవుతున్నాయో సూటిగా చెప్పుకుందాం. బుడమేరు విజయవాడ మీదుగా వస్తుంది, తమ్మిలేరు ఏలూరు మీదుగా వస్తుంది. రెండు ఊళ్ల మురుగూ వాటితోనే వస్తుంది. వరి చేల డ్రెయిన్లు ఎరువునీ పురుగుమందునీ మోసుకొస్తాయి. సరస్సు లోపల చేపల చెరువుల్లో తవుడు, చెక్క వేస్తారు, కొన్నిచోట్ల కోళ్ల వ్యర్థాలు కూడా వేస్తారు. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు బయటికే వదిలేస్తారు. ఈ బలమంతా తిని గుర్రపుడెక్క, నాచు పెరుగుతాయి. అవి చచ్చి అడుగున కుళ్లుతుంటే నీటిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. గాలి పీల్చగల కొర్రమీను కొంత తట్టుకుంటుంది. మిగతా చిన్న చేప ముందు పోతుంది.

వచ్చిన నీళ్లు పోవడానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. అది పూడిపోతోంది, గట్లు అడ్డం పడుతున్నాయి. వానాకాలం నీళ్లు దిగక లంకలు మునుగుతాయి. ఎండాకాలం సరస్సు తగ్గిపోతే, సముద్రపు పోటు అదే దారిన పైకి తన్నుతుంది. మంచినీటి సరస్సుకి ఉప్పు ఎక్కుతుంది. అంటే వరదకీ ఉప్పుకీ తలుపు ఒకటే.

మరి ఇన్నేళ్లూ ఏం చేశారు? 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు తెగ్గొట్టారు. చిన్నవాళ్ల సొసైటీ చెరువులూ పోయాయి, ప్రత్యామ్నాయ జీవనోపాధి మాట గాలికి పోయింది. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. అవి లేపే స్తోమత చిన్నవాళ్లకు లేదని వేరే చెప్పాలా? 2008లో అభయారణ్యం హద్దును అయిదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ వాదన ఇంకా తెగలేదు. గమనించండి: ఇంతకాలం జరిగిన కొట్లాటంతా భూమి గురించి. ఏ ఎకరం ఎవరిది అన్నదే ప్రశ్న. నీళ్లు ఎలా ఉన్నాయన్నది ఎవరికీ ప్రశ్నే కాలేదు.

ఇప్పుడు కొత్త మంత్రం టూరిజం. పడవలు వేస్తాం, కాటేజీలు కడతాం, యువతకు ఉపాధి వస్తుంది అంటున్నారు. టూరిజాన్ని మనం వద్దనక్కర్లేదు. తాటిదోనె నడిపిన చేతులకు పడవ నడపడం కష్టం కాదు, వలస పోవడం కన్నా అది నయమే. కానీ లెక్క చూడండి. జనం వచ్చేది పక్షి కోసం, పక్షి వచ్చేది చేప కోసం, చేప బతికేది నీటి వల్ల. నీళ్లు పోయిన రోజున కాటేజీ గోడలు మిగులుతాయి, బేరం మిగలదు. అందుకే కాటేజీకి పునాది తీసేముందే దాని మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడికి పోతాయో గ్రామసభలో చెప్పాలి. జాతరకి వచ్చే వేల మంది వదిలే ప్లాస్టిక్ ఎవరు ఎత్తుతారో ముందే తేలాలి.

ఒడిశాలో చిల్కా ఉంది. పాడైపోతున్న సరస్సుగా 1993లో రాంసర్ వాళ్లు దాన్ని ప్రమాద జాబితాలో పెట్టారు. 2000లో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. చిల్కాకి సముద్రపు నీరు కావాలి, మన కొల్లేటికి వద్దు. కాబట్టి ఆ పని ఇక్కడ దించడం కాదు. నీటి నడకను అర్థం చేసుకుని పని చేస్తే సరస్సు కోలుకుంటుందన్నదే మనం నేర్చుకోవాల్సింది.

ఇంకో పాఠం మన ఏలూరులోనే ఉంది. 2020 డిసెంబరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. జనం పడిపోయాక ఢిల్లీ నుంచి బృందాలు దిగాయి. పరీక్ష అనేది రోగం వచ్చాక చేసేది కాదు, రాకముందు చేసేది.

మనం అడగాల్సినవి మూడు.

ఒకటి: బుడమేరు, తమ్మిలేరు, పెద్ద డ్రెయిన్లు కొల్లేట్లో కలిసే ప్రతి చోటా నెలనెలా నీటి పరీక్ష జరగాలి. ఫలితం తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టాలి. చేపలూ వన్యప్రాణులూ బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం చెబుతోంది. ఉందా లేదా? ఒక్క అంకె చాలు.

రెండు: శుద్ధి చెయ్యని ఊరి మురుగు డ్రెయిన్లలోకి రాకూడదు. 2022లో జిల్లాలు మారాక సరస్సులో ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ‘అది పక్క జిల్లా సంగతి’ అని తప్పించుకునే వీలు ఇప్పుడు తగ్గింది.

మూడు: హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం ‘అటవీ భూమి’ అనే మాటలో అభయారణ్యాలను కూడా కలిపింది. చేపలు, ఇతర జల ఉత్పత్తుల మీద సామూహిక హక్కును సెక్షన్ 3 గుర్తించింది. నీటి వనరులను, పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. యానాదులు షెడ్యూల్డు తెగ. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉండి దాని మీదే బతుకుతున్న ఇతర కుటుంబాలకు కూడా చట్టంలో చోటుంది. అడవిలో పోడు కోసం మనం వాడిన చట్టమే ఇది. నీటి కోసం ఎందుకు వాడకూడదు?

తాడేపల్లిగూడెం, ఏలూరు హాస్టళ్లలో చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక ఆదివారం చెరువు గట్ల మీది యానాది గుడిసెలకు వెళ్లండి. ఆధార్ ఎవరికి లేదో, కుల ధ్రువీకరణ పత్రం ఎవరికి రాలేదో రాసుకోండి. ఆ కాగితం లేనిదే క్లెయిము కదలదు. తర్వాత గ్రామసభకు వాళ్లతో కలిసి వెళ్లి, వాళ్ల పక్కన కూర్చోండి. మాట్లాడటం వాళ్లనే మాట్లాడనివ్వండి. ఆ నీటి గురించి వాళ్లకన్నా తెలిసినవాళ్లు లేరు.